నల్లబెల్లానికి మూడు పేజీల అర్జీ

మా కాలేజీలో పీరియడుకి ఒక సుద్దముక్క ఇచ్చేవారు. ఒకటి అంటే నిజంగా ఒకటే. ప్రిన్సిపాలు గారి బల్ల సొరుగులో డబ్బా ఉండేది, సొరుగుకి తాళం ఉండేది, తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. పాఠానికి వెళ్ళేముందు ఆయన గదిలోకి వెళ్ళి చెయ్యి చాపాలి. విరిగితే విరిగిన రెండు ముక్కలూ తెచ్చి చూపించాలి. లెక్కల మాస్టారికి మాత్రం రెండు. చరిత్రకి ఒకటి చాలని ప్రిన్సిపాలు గారి అభిప్రాయం. ఎప్పుడో జరిగిపోయినదాన్ని బోర్డు మీద రాయడం దేనికి, నోటితో చెబితే సరిపోతుంది కదా అనేవారు. “ఆ పొడి పీలిస్తే మీ ఆరోగ్యానికే మంచిది కాదండీ,” అని నా ఊపిరితిత్తుల మీద జాలి కూడా పడేవారు.

ఆ ఏడాది నాకున్న కష్టాల్లో ఆ సుద్దముక్కే పెద్దదని నేను నమ్మేవాణ్ణి. అంత సుఖంగా ఉండేవాణ్ణన్నమాట.

అనకాపల్లిలో అదొక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. బి.ఏ. మూడో ఏడాది వాళ్ళకి ప్రపంచ చరిత్ర చెప్పేవాణ్ణి. ఇరాక్ మీదికి అమెరికా యుద్ధానికి వెళ్తుందా, వెళ్ళదా అని కాలేజీ ఎదుట టీ కొట్టు టీవీలో రోజంతా వాదించుకుంటున్న రోజులవి. సరిగ్గా అప్పుడే మా సిలబస్‌లో అమెరికా స్వాతంత్ర్యం వచ్చింది. సిలబస్ తయారు చేసినవాళ్ళకి ఇంత హాస్యం ఉందని నాకు అంతవరకు తెలియదు.

పాఠం మామూలుగానే మొదలైంది. ఇంగ్లండు, ఫ్రాన్సు ఏడేళ్ళు కొట్టుకున్నాయి. ఇంగ్లండు గెలిచింది. గెలిచాక చూసుకుంటే ఖజానాలో ఏమీ లేదు, నెత్తి మీద అప్పు మాత్రం ఉంది. యుద్ధం మీ మంచికే చేశాం కనుక ఖర్చు మీరు పెట్టుకోండి అని సముద్రం అవతల ఉన్న వలసలకి కబురు పంపింది. ఇక్కడిదాకా చెప్పేసరికి వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోయారు. మూడో వాడు వాళ్ళకి కాపలా కాస్తున్నాడు.

తర్వాత మొలాసిస్ అన్నాను.

“మొలాసిస్ అంటే ఏటి సార్?” అంది రోలుగుంట నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ళది చెరకు పండించే ఇల్లు.

“చక్కెర తీయగా మిగిలే నల్ల మడ్డి. షుగర్ ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే బస్సులో అందరూ ముక్కు మూసుకుంటారు చూడు, అదే.”

క్లాసు లేచి కూర్చుంది. అనకాపల్లిలో చరిత్ర చెప్పేవాడికి దేవుడిచ్చిన సాయం బెల్లం. ఆ మడ్డి మీద అంతకు ముందునుంచే పన్ను ఉందని, కాని ఎవరూ కట్టేవారు కాదని, అధికారులు కూడా అటు తిరిగి నిలబడేవారని చెప్పాను. యుద్ధం అయ్యాక ఇంగ్లండు ఒక తెలివైన పని చేసింది. పన్ను సగానికి తగ్గించింది, వసూలు చేయడం మొదలుపెట్టింది. ఓడల్ని ఆపి వెతికారు. పట్టుకున్న సరుకులో పట్టుకున్నవాడికి వాటా పెట్టారు. సరుకు దొంగది కాదని రుజువు చేసుకోవలసిన పని ఓడ యజమాని మీద వేశారు. విచారణ ఎక్కడో దూరపు ఊళ్ళో, తమవాళ్ళెవరూ కూర్చోని కోర్టులో పెట్టారు. అర్జీల మీద అర్జీలు వెళ్ళాయి. అర్జీలు చదివే తీరిక లండన్‌లో ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత కాగితం మీద పన్ను, తేయాకు మీద పన్ను. చివరికి విడిపోయారు.

“అంటే సార్, అమెరికా బెల్లం కోసం పుట్టిందా?” అంది ఆ అమ్మాయి.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తర్వాత వారం రోజులు ఆ మాట నాదే అన్నట్టు ఊరంతా చెప్పుకుని తిరిగాను. మన సంగతి వేరే ఏముంది, మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ గొడవకి మనవాళ్ళు వెళ్ళి చచ్చారు, ఇక్కడ గింజలు దొరక్క ధరలు పెరిగాయి, యుద్ధం అయ్యాక ఏదో ఇస్తారనుకుంటే అడిగినవాణ్ణి అడిగినట్టు జైల్లో పెట్టే చట్టం ఇచ్చారు అని టీ కొట్టు దగ్గర కూడా పాఠం చెప్పాను. ఉప్పు, బట్ట, నీలిమందు అన్నీ వరుసగా చెప్పాను. కొట్టువాడు టీవీ సౌండు పెంచాడు.

మా మేనత్త మొగుడు, నాకు మామ, రావికమతం వైపు ఒక పల్లెలో చెరకు రైతు. సొంత గానుగ, సొంత పెనం. ఆ చుట్టుపక్కల బెల్లం వండేవాళ్ళంతా పాకం దించే ముందు హైడ్రోస్ అని ఒక తెల్ల పౌడరు వేసేవారు. బట్టల మిల్లుల్లో రంగు వదలగొట్టడానికి వాడే సరుకు అది. చారెడు వేస్తే బెల్లం పసుప్పచ్చగా, పెళ్ళికూతురి చెంపలా వస్తుంది. మార్కెట్‌లో బెల్లానికి నాలుక అవసరం లేదు, కన్ను చాలు. పచ్చగా ఉంటే మొదటి రకం, నల్లగా ఉంటే ఆఖరి రకం.

మామ కూడా ఒకప్పుడు వేసినవాడే. మా వాళ్ళ చర్చిలో కోతపండగకి ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి అర్పణ పెడతారు. ఆరాధన అయ్యాక సంఘంవాళ్ళే దాన్ని వేలం పాడతారు. ఒక ఏడాది మామ తన మొదటి దిమ్మ తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టి, దాని పచ్చదనం చూసి, అర్పణ పాట అయ్యేవరకు తల ఎత్తలేదట. ఆ తర్వాత పౌడరు మానేశాడు. కారణం అడిగితే ఒకే మాట.

“దేవుడికో పెనం, జనానికో పెనం కాయడం నాకు సేతకాదల్లుడూ.”

దాంతో మామ బెల్లం వాన పడ్డ చేనిగట్టు రంగులో వచ్చేది. నోట్లో వేసుకుంటే చెరకుతోటలో నిలబడ్డట్టు ఉండేది. టౌన్లో ఒక బెల్లం వర్తకుడు తన కొట్టుకి పచ్చబెల్లం కొని, తన ఇంటికి మాత్రం మామ దగ్గర తీసుకునేవాడు. మార్కెట్‌లో ఆ దిమ్మల్ని చూసి అందరూ మొహం పక్కకి తిప్పుకునేవారు. వాళ్ళలో ఆ వర్తకుడు కూడా ఉండేవాడు.

మా అత్తకి ఈ భక్తి అంతగా ఎక్కలేదు. ఆ ఏడాది గానుగ ఆడడం మొదలుపెట్టిన రోజే చెప్పేసింది.

“ఇదే ఆకరేడు. ఈ నల్లబెల్లం ఈ ఏడు మంచిగా అమ్ముడైతే సరి. అవకపోతే పై ఏటికి పౌడరే. ఇంక నాకు వాక్యం సెప్పొద్దు.”

మామ సరే అన్నాడు. ఏడాది చెరకంతా వండి, ట్రాక్టరు నిండా దిమ్మలు పేర్చి, తెల్లారగట్ల బయల్దేరి అనకాపల్లి వస్తుంటే దారిలో ఆబ్కారీవాళ్ళు ఆపేశారు.

నల్లబెల్లం నాటుసారాకి వాడతారు. అది నిజమే, కాదనను. అందుకని నల్లగా కనిపించిన బెల్లాన్నల్లా ఆపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పచ్చబెల్లం ఆపమని రాలేదు. బట్టల రంగు వదలగొట్టే మందు తిన్న బెల్లం దేశమంతా తిరగొచ్చు. ఏ మందూ తినని బెల్లం మాత్రం నేరస్థుడు. చట్టం రాసినవాళ్ళు చెరకు ఎప్పుడైనా చూశారేమో తెలియదు కానీ, రంగులు గుర్తుపట్టడం మాత్రం బాగా వచ్చు.

కాలేజీ పక్కన ఎస్టీడీ బూతుకి ఫోను వచ్చింది. మామ గొంతు.

“అల్లుడూ, నా బెల్లాన్ని పట్టేసేరు. నువ్వు సదువుకున్నోడివి, ఓపాలి రా.”

ఆ ఆబ్కారీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో రాయను. అందులో పనిచేసినవాళ్ళకి పిల్లలుంటారు, వాళ్ళు ఎవరి క్లాసులోనో చరిత్ర చదువుతూ ఉంటారు. వెనక ఒక ఆవరణ, చుట్టూ గోడ, మధ్యలో మామ ట్రాక్టరు తొట్టి. పైన ఏమీ కప్పలేదు. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు, కొండవార ప్రాంతం, రాత్రి కురిసిన మంచుకి పై వరస దిమ్మలు అప్పటికే మెరుస్తున్నాయి. బెల్లం మెరవడం మంచిది కాదు. చెమ్మ పట్టిందన్నమాట.

ఆఫీసరు మర్యాదస్తుడు. నేను లెక్చరర్నని తెలిసి కుర్చీ వేయించాడు. మామకి వేయించలేదు.

“ఇది సారాకి వెళ్ళట్లేదని మీరు రుజువు చూపిస్తే ఇప్పుడే వదిలేస్తాను మాస్టారూ.”

“వెళ్తోందని మీ దగ్గర రుజువుందా అండీ?” అన్నాను.

“రంగుంది కదా.”

“మరి తినడానికి తీసుకెళ్తున్నామని ఎలా చూపించాలి? ఇక్కడే తినమంటారా?”

ఆయన నవ్వాడు. జోకులు అర్థమయ్యే మనిషి. “ఒక దరఖాస్తు పెట్టండి. అన్నీ వివరంగా రాయండి,” అన్నాడు.

వివరంగా అన్న మాటే నా కొంప ముంచింది. మామ కొంప అనాలి.

బయట బెంచీ మీద కూర్చున్నాం. మామ తన మనసులో ఉన్న అర్జీ చెప్పాడు. “అయ్యా, నా బెల్లం తినే బెల్లం. మంచు పడి పాడయిపోతంది. నా బెల్లం నాకిప్పించండి. ఇంతే రాయి. ఏలిముద్ర కావాలంటే అదీ ఏత్తాను.” మామకి సంతకం వచ్చు. అర్జీ మీద వేలిముద్ర అయితే జాలిపడతారని ఆయన ఆశ.

నాకు ఆ నాలుగు ముక్కలు మరీ బీదగా అనిపించాయి. అంతకు వారం ముందే ఇదే సంగతి, ఇదే మడ్డి, ఇదే రుజువు నీ మీదే ఉందనే న్యాయం మూడు పీరియడ్లు చెప్పినవాణ్ణి. చేతికి కలం దొరికింది. ఇక్కడ సుద్దముక్క లెక్క కూడా లేదు. మూడు పేజీలు రాశాను. యుద్ధం ఖర్చు కోసం ఇంగ్లండు మొలాసిస్ మీద ఎలా పడిందో రాశాను. సరుకు రంగు చూసి, అది వెళ్ళే దారి చూసి యజమానిని దొంగ అనడం ఎంత పాత అన్యాయమో రాశాను. అలాంటి విధానాలే శాంతంగా ఉన్న ప్రజల్ని చివరికి విడిపోయేలా చేశాయని, మన దేశంలోనూ ఉప్పు దగ్గర అదే జరిగిందని, పాలకులు చరిత్ర నుంచి నేర్చుకుంటారని ఆశిస్తున్నానని ముగించాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

మామ పేజీలు తిప్పి చూశాడు. ఆయనకి తెలుగు బాగానే చదవడం వచ్చు, బైబిలు రెండుసార్లు పూర్తి చేసినవాడు.

“ఏటల్లుడూ ఇది? ఇందులో నా బెల్లం ఎక్కడుంది?”

“రెండో పేజీ ఆఖర్న ఉంది మామా.”

“ఆ ఇంగ్లీసోళ్ళెవరు మజ్జిలో?”

“ఉదాహరణ మామా. కాగితానికి బలం రావాలి కదా.”

“బలం మంచిదే,” అని సంతకం పెట్టాడు.

తర్వాత పదకొండు రోజులు మామ రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆ ఆవరణకి వెళ్ళాడు. చెరకు ఆకు మోపు కట్టి తీసుకెళ్ళేవాడు, తొట్టి మీద కప్పడానికి. పట్టుకున్న సరుకుని ముట్టుకోవడానికి వీల్లేదని జవాను ఆపేసేవాడు. మామ ఆ మోపు మీదే కూర్చుని సాయంత్రం దాకా తన బెల్లాన్ని చూసి, అదే మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేవాడు. రాత్రి మంచు, పగలు ఎండ. దిమ్మల అంచులు మెత్తబడ్డాయి, తర్వాత ఒకదానిలోకి ఒకటి దిగాయి. తొట్టి కింద నల్లటి చార నేల మీదికి పాకింది. చీమలు ఆ చార పట్టుకుని గోడ దాకా వెళ్ళాయి. చీమల్ని ఎవరూ ఆపలేదు, వాటి దగ్గర కాగితాలు సరిగ్గా ఉన్నాయేమో.

ఒక రోజు నేనూ వెళ్ళాను. మేం గేటు దగ్గర నిలబడి ఉండగా పచ్చబెల్లం లారీ ఒకటి ఆగింది. జవాను టార్పాలిన్ ఎత్తి చూశాడు, బంగారం చూసినవాడి మొహం పెట్టి పొమ్మన్నాడు. మామ ఆ లారీ వెళ్ళినంత మేరా చూశాడు.

“ఆ బెల్లం పెనం దగ్గర నిలబడితే కళ్ళు మండుతాయల్లుడూ,” అన్నాడు. నాకు ఆ లారీ వెనక పరిగెత్తి ఒక దిమ్మ లాక్కొచ్చి ఆఫీసరు బల్ల మీద పగలగొట్టాలనిపించింది. పరిగెత్తలేదు. చదువుకున్నవాళ్ళం, కోపాన్ని అర్జీలో పెడతాం.

ఆఫీసరు పిలిచాడు. బల్ల మీద నా మూడు పేజీలున్నాయి. ఎర్ర సిరాతో అక్కడక్కడా గీతలున్నాయి. నేను పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు కూడా అంత శ్రద్ధగా గీయను.

“చాలా బాగా రాశారు మాస్టారూ. నేను కూడా బి.ఏ. నే. ఈ పాఠం చదువుకున్నాను,” అన్నాడు. “ఈ ముక్క చూడండి. ఆ వలసలవాళ్ళు మొలాసిస్ తెప్పించుకుని రమ్ము కాచేవారని మీరే రాశారు.”

“అది అక్కడి సంగతండీ. వాళ్ళ వ్యాపారం—”

“మీ మామగారి సరుకుని మీరే దాంతో పోల్చారు కదా. రుజువు లేదు, లేదు అన్నారు. ఇంతకంటే రుజువేం కావాలి? సంతకం కూడా ఉంది.”

నేను రాసింది నేనే వంగి మళ్ళీ చదువుకున్నాను. నా వృత్తిలో అది అరుదు.

“ఇంకోటి. ఇదిగో, పాలకులు వినకపోతే ప్రజలు విడిపోతారని రాశారు. ఇది బెదిరింపు కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. నా స్థాయిలో తేల్చేది కాదు. పైకి పంపించాను.”

“పైకి అంటే?”

“పైకే.”

పక్కన నిలబడ్డ మామ నెమ్మదిగా అడిగాడు. “బాబూ, నేను నాలుగు ముక్కలే రాయమన్నాను. తినే బెల్లం అని రాసుంటే ఇచ్చీసుండేవోరా?”

ఆఫీసరు పెద్దాయన వైపు తిరిగాడు. మర్యాదస్తుడని చెప్పాను కదా, అబద్ధం ఆడలేదు.

“అదే రోజు ఇచ్చేసేవాణ్ణి పెద్దాయనా. రైతులు అలాగే రాస్తారు, మేం వదిలేస్తూనే ఉంటాం.”

ఇప్పటికీ నాకు కోపం వచ్చేది ఆ మాట తలుచుకుంటేనే. ఆ చట్టం మీద కోపం ఉంది, ఆ పౌడరు మీద ఉంది, చెరకు ఆకు కప్పనివ్వని ఆ జవాను మీద ఉంది. వాళ్ళందరి మీద కోపంగా ఉండడం నాకు హాయి. ఏ పాఠంలోనైనా ఇమిడిపోతుంది. కానీ నాలుగు ముక్కలతో ఇంటికి రావలసిన బెల్లాన్ని మూడు పేజీలతో ఆ ఆవరణలో కట్టేసింది ఎవరని వెతికితే, కలం పట్టుకున్న చెయ్యి ఒకటే కనిపిస్తుంది. దాని మీద కోపం ఏ చాప్టర్లో పెట్టాలో తెలియదు.

పన్నెండో రోజున పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సారాకి వాడుతున్నట్టు ఆధారం లేనందున సరుకు యజమానికి అప్పగించవచ్చు. నా మూడు పేజీల గురించి అందులో ఒక్క మాట లేదు. ఎవరూ చదివి ఉండరు. లండన్‌కి తీరిక లేనట్టే పైన కూడా లేదు.

అప్పగించడానికి అక్కడ బెల్లం లేదు. తొట్టి నిండా నల్లటి ముద్ద ఉంది. పులిసిన వాసన వేస్తోంది. నోట్లో పెట్టుకోవడానికి గానీ, మార్కెట్‌లో దించడానికి గానీ పనికిరాదు. అది ఇంక ఒక్కదానికే పనికొస్తుంది. ఆ సంగతి తెలిసినవాడొకడు గేటు బయట మోటారు సైకిలు మీద కాళ్ళు దన్ని కూర్చుని ఉన్నాడు. మేం బయటికి రాగానే మామ పక్కకి వచ్చాడు.

“బావా, తొట్టి తొట్టీ నేనే తీసుకుంటాను. ఎక్కడికీ తేనక్కర్లేదు, మేవే వచ్చి తోడుకుపోతాం. సరేనా?”

ఆఫీసు వాకిట్లో, జవాను చూస్తుండగానే అడిగాడు. జవాను అటు తిరిగి నిలబడ్డాడు. ఆ నిలబడే తీరు నాకు పాఠం చెప్పి చెప్పి బాగా తెలుసు.

మామ వాడి వైపు చూడలేదు. ట్రాక్టరు నేరుగా ఇంటికి పట్టించాడు. పల్లెలో చెరకుతోట చివర పెంట వేసే గొయ్యి ఉంది. అందులోకి తొట్టి ఎత్తించాడు. మామ, నేను పారలతో మిగిలింది గీకి వేశాం. ఈగలు ముసిరాయి. అత్త గట్టు మీద నిలబడి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పని అయ్యాక నా వైపు తిరిగింది.

“అర్జీ రాసిన రోజు ఇస్త్రీ సొక్కా ఏసుకుని ఎల్లేవు కదా. ఈ పనికి ఎందుకు పాతది ఏసుకొచ్చేవు?” అంది. ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మేం కాలవలో చేతులు కడుక్కున్నాం. బెల్లం జిడ్డు ఒక పట్టాన వదలదు. మట్టి రాసుకుని మళ్ళీ కడిగాం. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పైన ఇంకో ఆఫీసు ఉందని, నష్టం అడగడానికి వీలుందని, ఈసారి గట్టిగా ఒక కాగితం తయారు చేస్తానని అన్నాను. ఆ కాగితంలో మొదటి వాక్యం కూడా అప్పటికే తట్టింది.

మామ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

“పై ఏటికి పౌడరేత్తాను. నువ్వు మాత్రం ఏటీ రాయొద్దు,” అన్నాడు.